పట్టాలు పీకి బాట వేసిన ఊళ్ళో

పొద్దున ఆరున్నరకి ఇంట్లోంచి బయటపడతాను. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో మావాడి ఇంటికి దగ్గర్లోనే నడకబాట ఉంది. తారు పోసిన నున్నటి బాట. సైకిళ్ళవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు, పంజాబీ డ్రెస్సుల్లో మన ఆడవాళ్ళు, స్వెటరూ మఫ్లరూ వేసుకున్న నాలాంటి తండ్రులు. వచ్చిన కొత్తలో ఆ బాట మీద ఒక పావుగంట నడిచానో లేదో నాకు అర్థమైపోయింది, ఇది కాలినడక కోసం పుట్టిన దారి కాదని. ఎక్కడా నిటారు ఎత్తు లేదు. మలుపు తిరిగితే ఒక్కసారిగా తిరగదు, దూరం నుంచే మెల్లగా ఒరుగుతూ వస్తుంది. మిట్ట అడ్డొచ్చిన చోట మిట్టని కోశారు, పల్లం వచ్చిన చోట కట్ట పోశారు. ముప్ఫై ఆరేళ్ళు రైల్వేలో చేసినవాణ్ణి, గ్రేడియంటు నా పాదానికి తెలుస్తుంది. ఇంటికొచ్చి మావాణ్ణి అడిగాను, "ఒరే, ఇక్కడ రైలు నడిచేదా?" అని. "ఏమో నాన్నా, సైకిల్ ట్రెయిల్ అంటారు" అన్నాడు. వాడా ఊళ్ళో ఇల్లు కొని ఎనిమిదేళ్ళు.

నా బాధంతా అక్కడే మొదలైంది. మా రోజుల్లో ఏ ఊళ్ళో కాపురం పెట్టినా ముందు స్టేషను ఎక్కడో చూసుకునేవాళ్ళం. ఆ ఊరికి ఎటునుంచి బండి వస్తుంది, ఎటు పోతుంది, ఎన్నింటికి నీళ్ళు పట్టుకుంటుంది, అది తెలిస్తే సగం ఊరు తెలిసినట్టే. ఇప్పుడు పదేళ్ళు కాపురమున్నా కాళ్ళకింద ఏముందో తెలియదు.

రైలు నడిచింది. నూరేళ్ళు దాటి నడిచింది. పొటోమాక్ నది ఒడ్డున అలెగ్జాండ్రియా అనే రేవు పట్టణం ఉంది కదా, అక్కడి వర్తకులకి బాల్టిమోర్‌తో పోటీ. పడమటి సరుకంతా బాల్టిమోర్‌కి పోతోందని వీళ్ళకి మంట. బ్లూ రిడ్జ్ కొండలు దాటి హాంప్‌షైర్ కౌంటీ బొగ్గు గనుల దాకా మనమే ఒక లైను వేసుకుందామని బయల్దేరారు. పేరు కూడా అలాగే పెట్టుకున్నారు, అలెగ్జాండ్రియా, లౌడన్ అండ్ హాంప్‌షైర్ రైల్‌రోడ్. 1860లో లైను ఈ ఊరి మీదుగా లీస్‌బర్గ్ చేరింది. మన దక్షిణాదిన రాయపురం నుంచి మొదటి బండి కదిలింది 1856లో. ఆ తర్వాత నాలుగేళ్ళకే ఈ పల్లెటూళ్ళో రైలు కూత వినిపించిందంటే చూడండి. అప్పట్లో ఈ ఊరు ఆష్‌బర్న్ కూడా కాదు, ఫార్మ్‌వెల్. అదే రాష్ట్రంలో ఫార్మ్‌విల్ అని ఇంకొకటి ఉండడంతో ఉత్తరాలు ఇటువి అటు, అటువి ఇటు పోతుంటే 1896లో ఆష్‌బర్న్ అని మార్చారు.

లీస్‌బర్గ్ చేరిన మరుసటి ఏడే అంతర్యుద్ధం. వంతెనలు కాల్చేశారు, పట్టాలు పీకేశారు. యుద్ధమయ్యాక మళ్ళీ వేశారు. హామిల్టన్, పర్సెల్‌విల్, రౌండ్ హిల్, ఇలా ఒక్కో ఊరూ పాకుతూ పోయి 1900లో కొండ పాదాన ఉన్న స్నికర్స్‌విల్ చేరింది. ఆ ఊరి పేరు బ్లూమాంట్‌గా మారింది కూడా అప్పుడే. వాషింగ్టన్ దొరలు ఎండాకాలం చల్లదనానికి అక్కడికి పోయేవారు. అక్కడితో సరి. కొండ ఎక్కలేదు. బొగ్గు చేరలేదు.

ఈ సంగతి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను పనిచేసిన లైను కూడా బొగ్గు కోసమే పుట్టింది.

డోర్నకల్ జంక్షన్. కాజీపేట, విజయవాడల మధ్య, మహబూబాబాద్ దాటాక, ఖమ్మం రాకముందు. చుట్టూ మిరప చేలు, తాటిచెట్లు. ఊరు చిన్నది, స్టేషను పెద్దది. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా 1889కల్లా బెజవాడ చేరింది. చేరే దారిలోనే డోర్నకల్ దగ్గర నుంచి ఇల్లందుకి ఒక కొమ్మ వేసుకుంది, ఆ బొగ్గు కోసం. తర్వాత 1927లో కారేపల్లి నుంచి ఇంకొక కొమ్మ కొత్తగూడెం దాకా. కొత్తగూడెం స్టేషనుకి భద్రాచలం రోడ్ అని పేరు. రాములవారు అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్లు, గోదావరి అవతల. అయినా ఆ పేరు వింటే చాలు, జనం మూటలు సర్దుకుని బండెక్కేవారు. కింద బొగ్గు, పైన భక్తులు. అలా బతికింది మా బ్రాంచి లైను, ఇప్పటికీ బతుకుతోంది. బొగ్గు అందుకున్న లైను నిలబడింది, అందుకోలేని లైను మీద నేను పొద్దున్నే షూ వేసుకుని నడుస్తున్నాను.

జంక్షన్ అంటే ఇప్పటి పిల్లలకి రెండు లైన్లు కలిసే చోటు. మాకు అది కాదు, మనుషులు ఆగే చోటు. మెయిన్ లైను మీద వచ్చినవాడు దిగి బ్రాంచి బండి కోసం గంటో రెండు గంటలో ఆగాలి. ఆ ఆగడంలోనే ఊరు పుట్టింది. టీ కొట్టు, అరటిపళ్ళ బుట్ట, వేయించిన పల్లీలు, పాత పేపరు చదివి వినిపించే పెద్దమనిషి, పెళ్ళిసంబంధం వాకబు చేసే ఆడవాళ్ళు. బిషప్ అజరయ్య 1912లో డోర్నకల్ డయోసిస్‌కి తొలి బిషప్ అయ్యాడు, మనదేశంలో ఆంగ్లికన్ బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆ మారుమూల ఊరికి అంత పెద్ద చర్చి, గుమ్మటాలతో సహా, రావడంలో స్టేషను పాత్ర లేదంటే నేను ఒప్పుకోను. మూడు వైపులకీ మనిషి పోగలిగే చోటు కాబట్టే ఆయన అక్కడ కూర్చున్నాడు.

నేను 1974 సమ్మె ముగిశాక ఉద్యోగంలో చేరాను. అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. ఎనభైల్లో డోర్నకల్ వచ్చాను. మెయిన్ లైను మీద అప్పుడే కరెంటు తీగలు వేస్తున్నారు, బ్రాంచి మీద ఇంకా ఆవిరి ఇంజన్లు. బొగ్గు మసి లేకుండా తెల్లచొక్కా ఒక్కరోజు నిలిచేది కాదు. బ్రాంచిది ఒంటి లైను. ఒంటి లైను మీద బండి వదలాలంటే అవతలి స్టేషను మాస్టరుతో మాట్లాడాలి, గంట సంకేతాలు ఇవ్వాలి, యంత్రంలోంచి ఇనుప బంతి తీయాలి. ఆ బంతి తోలు సంచిలో వేసి, వెదురు రింగుకి కట్టి, పాయింట్స్‌మన్ చేతికిస్తే వాడు ప్లాట్‌ఫారం చివర చెయ్యి చాచి నిలబడేవాడు. డ్రైవరు వచ్చి ఎడమచేత్తో రింగు అందుకుని, కుడిచేత్తో పాత బంతిని విసిరేవాడు. ఆ బంతి డ్రైవరు దగ్గరుంటేనే లైను మీద హక్కు. అది లేకుండా ఎంత పెద్ద బండైనా కదలడానికి వీల్లేదు. ఒక మనిషి మాట, ఇంకొక మనిషి మాట, మధ్యలో చేతికి తగిలే బరువు. ఆ మాట మీద వందలమంది ప్రాణాలు.

ఇక టికెట్టు. నా దగ్గర ఇప్పటికీ ఒకటుంది, డైరీలో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చుకున్నాను. బొటనవేలంత సైజున్న దళసరి అట్టముక్క. అలమారలో ఒక్కో ఊరికీ ఒక్కో నిలువు గొట్టం, గొట్టంలో టికెట్లు పేర్చి ఉంటాయి. అడుగునున్న టికెట్టుని బొటనవేలితో లాగాలి. లాగి, తేదీ కొట్టే ఇనుప యంత్రంలో పెట్టి ఒక్క తోపు తోస్తే "టక్". ఆ చప్పుడు విన్నాక గానీ కిటికీ అవతలి ముసలమ్మ చెంగుముడి విప్పేది కాదు. పిల్లవాడికి అర టికెట్టయితే కత్తెరతో మూల కోసి ఇచ్చేవాళ్ళం. రాత్రి లెక్క కట్టేటప్పుడు ప్రతి గొట్టంలోనూ కింద ఏ నంబరుందో చూసి రాయాలి. అందుకని ఏ ఊరికి ఈరోజు ఎంతమంది పోయారో నాకు కంఠతా వచ్చేది. కారేపల్లికి పన్నెండు, కొత్తగూడేనికి నలభై. శ్రీరామనవమికి ముందురోజు ఆ గొట్టం రెండుసార్లు నింపేవాణ్ణి.

ఒక నవమికి ముందు రాత్రి జరిగింది చెప్తాను. విజయవాడ వైపునుంచి వచ్చే ప్యాసింజరు లేటు. బ్రాంచి బండి వేళ దాటుతోంది. కంట్రోలుకి ఫోను చేశాను. "సార్, ఇందులో కల్యాణానికి పోయేవాళ్ళున్నారు, ఈ బండి తప్పితే రేపు మధ్యాహ్నానికి చేరలేరు" అన్నాను. అవతలివైపు కంట్రోలరు ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, "సరే మాస్టారూ, పది నిమిషాలు. నా పేరు రాసుకోండి" అన్నాడు. తొమ్మిదో నిమిషంలో ప్యాసింజరు హోమ్ సిగ్నల్ దాటింది. దిగినవాళ్ళలో ఒక ముసలాయన, భార్య నడవలేకపోతే రెండు చేతులా పట్టుకుని ఫుట్‌బ్రిడ్జి ఎక్కిస్తున్నాడు. మా పాయింట్స్‌మన్ పరిగెత్తి ఆవిడ మూట అందుకున్నాడు. వాళ్ళు ఎక్కాకే గార్డు పచ్చదీపం ఊపాడు. ఆ తొమ్మిది నిమిషాలూ రిజిస్టరులో నా చేత్తో రాసుకున్నాను.

ఇప్పుడు ఇక్కడి సంగతి.

ఈ పాత లైను కూడా మొదట్లో మనుషులదే. బ్లూ రిడ్జ్ దాకా ఉన్న పొలాలవాళ్ళు పాల క్యాన్లు ఈ బండిలోనే వాషింగ్టన్‌కి పంపేవారు. ఉత్తరాలు ఇందులోనే. దుకాణానికి సరుకు ఇందులోనే. 1894 నుంచి సదరన్ రైల్వే కింద ఉంది. 1912లో మెక్లీన్, ఎల్కిన్స్ అనే ఇద్దరు ధనికులు పెట్టిన వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ కంపెనీ దీన్ని తీసుకుని, కరెంటు తీగ వేయించింది. ఆష్‌బర్న్ జంక్షన్ కాదు, ఒంటి లైను మీద ఒక స్టేషను. వీళ్ళ జంక్షన్ తూర్పున అర్లింగ్టన్‌లో ఉండేది, బ్లూమాంట్ జంక్షన్ అని. మావాడితో పనిగట్టుకుని వెళ్ళి చూశాను. ఇప్పుడది పార్కు. గుర్తుగా ఒక బ్రేకు వ్యాను నిలబెట్టారు. పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటున్నారు. చక్రాల కింద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది.

మోటారు బళ్ళు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. ఈ కంపెనీ దివాలా తీసి 1932లో కోర్టు చేతికి పోయింది. పైన కొండపాదం ముక్కని 1939లో వదిలేశారు. 1941లో మనుషుల బండి ఆపేశారు. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరువు వచ్చేసరికి 1943లో మళ్ళీ అదే బండి దిక్కయింది, 1951లో శాశ్వతంగా ఆపేశారు. అక్కరకి పనికొచ్చిందాన్ని అక్కర తీరాక పారేయడం అంటే ఇదే. 1956లో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే వాళ్ళు కొన్నారు. డల్లెస్ విమానాశ్రయం కట్టేటప్పుడు ఇసుక మోసింది కూడా ఈ లైనే. 1962లో విమానాశ్రయం తెరిచారు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1968 ఆగస్టులో, ఈ లైను మూసేశారు. కొంత స్థలం హైవేకి, మిగిలింది కరెంటు కంపెనీకి. డల్లెస్‌కి ఇంత దగ్గరగా పోయే పట్టాలు పీకి, పాత ఇనుము కింద అమ్మేశారు.

ఆ స్థలాన్ని తర్వాత ఉత్తర వర్జీనియా పార్కు అథారిటీ దశలవారీగా కొని బాట వేసింది. 1988కి పర్సెల్‌విల్ దాకా పూర్తయింది. మొత్తం 45 మైళ్ళు. ఆ పని చేసినవాళ్ళకి దణ్ణం పెడతాను, ఆ మాట దాచను. లేకపోతే ఇళ్ళు కట్టేసేవారు, గుర్తు కూడా మిగిలేది కాదు. కానీ బాట పక్కన చూడండి, కరెంటు స్తంభాలు. బాట పొడుగునా తలమీద తీగలు గుంయ్ మంటుంటాయి. పాల క్యాన్లు పోయిన దారిలో ఇప్పుడు కరెంటు పోతోంది, అందులో చాలా వాటా కిటికీలు లేని ఆ తెల్లటి డేటా సెంటర్లకి. మావాడు పనిచేసేది కూడా అలాంటి దాంట్లోనే, తప్పుపట్టను, ఆ జీతంతోనే నేనిక్కడ ఉన్నాను. కానీ పాలు ఎక్కించేవాడికీ దించుకునేవాడికీ మధ్య ఒక పలకరింపు ఉండేది.

ఆష్‌బర్న్ రోడ్డు బాటని దాటే చోట ఒక పాత దుకాణం కట్టడం ఉంది, ఇప్పుడు మాంసం కాల్చి అమ్ముతారు. పొగ వాసన రోడ్డు దాకా వస్తుంది. ఆ మెట్ల మీద కూర్చుంటే రైలుకట్ట ఎదురుగా ఉంటుంది. స్టేషను ఏదని నేను చాలాసార్లు వెతుక్కున్నాను. కనపడలేదు. తూర్పున హెర్న్‌డన్‌లో, పడమర పర్సెల్‌విల్‌లో పాత స్టేషన్లు నిలబెట్టుకున్నారు, ఎంతో ముచ్చటగా చూసుకుంటున్నారు. ఇక్కడ మాత్రం ఊరి బొడ్డు ఖాళీగా ఉంది.

ఆ లైను మూసిన యాభై నాలుగేళ్ళకి, 2022 నవంబర్ 15న, ఆష్‌బర్న్‌కి మళ్ళీ రైలు వచ్చింది. సిల్వర్ లైను మెట్రో. డల్లెస్ మీదుగా. ఈ రెండో దశ పదకొండు మైళ్ళ పైచిలుకు, ఆరు స్టేషన్లు, దాదాపు 300 కోట్ల డాలర్లు. అనుకున్నదానికంటే నాలుగేళ్ళు ఆలస్యం. వచ్చింది, సంతోషం. వచ్చిన వారానికే మావాడిని పోరి వెళ్ళాను. ఎక్కడ పెట్టారు? ఊళ్ళో కాదు. పాత ఊరికి దక్షిణాన రెండున్నర మైళ్ళ దూరంలో, హైవే నడుమ. ఇటు కార్ల వరసలు, అటు కార్ల వరసలు, మధ్యలో ప్లాట్‌ఫారం. నిలబడితే పక్కవాడి మాట వినపడదు. పైనుంచి గాజు వంతెన ఎక్కి రావాలి. అటూ ఇటూ కార్లు పెట్టుకునే మేడలు. రైలెక్కడానికి కారు కావాలి. మా డోర్నకల్‌లో బండి కూత వినపడ్డాక ఇంట్లోంచి బయల్దేరి బండి అందుకునేవాళ్ళున్నారు.

ప్లాట్‌ఫారం మీదకి పోవడానికి ప్లాస్టిక్ కార్డు గేటుకి తాకిస్తే తలుపు విచ్చుకుంటుంది. చప్పుడు బావుండదు. అద్దాల గదిలో ఒక మనిషి ఉంటాడు, మర్యాదస్తుడే, పలకరిస్తే నవ్వుతాడు. కానీ టికెట్టు అమ్మడు, లైన్ క్లియర్ ఇవ్వడు, ఏ బండి ఎక్కడుందో తెర మీద నాకెంత కనపడుతుందో ఆయనకీ అంతే. ఒకరోజు బండి దిగి గాజు వంతెన మీదుగా వస్తుంటే కింద బస్సు నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పితో మెల్లగా దిగాను. చెయ్యి ఊపాను. తలుపు మూసుకుని వెళ్ళిపోయింది. డ్రైవరుని ఏమనను? ఆ బస్సుకి ఈ బండి సంగతి ఎవరు చెప్పాలి? పది నిమిషాలు ఆగమని ఎవరికి ఫోను చేయాలి? ఇంకొక బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను. అప్పుడు ఆ ముసలి దంపతులు గుర్తొచ్చారు.

మావాడు అంటాడు, "నాన్నా, ఇప్పుడు బండ్లు కొద్ది నిమిషాలకొకటి వస్తాయి, ఆగక్కర్లేదు, అదే మంచిది కదా" అని. మంచిదే. ఆగక్కర్లేని చోట ఎవరూ ఎవరినీ చూడక్కర్లేదు. నేను సుమారు గంట ప్రయాణం చేసి వాషింగ్టన్ దాకా వెళ్ళొచ్చాను. పెట్టెలో మన తెలుగు పిల్లలు నలుగురైనా ఉన్నారు. ముఖాలు చూస్తే తెలుస్తుంది. చెవుల్లో తొడుగులు, చేతుల్లో ఫోన్లు. "ఏ ఊరు బాబూ?" అని ఒకడిని అడిగాను. తొడుగు తీసి, "ఖమ్మం అంకుల్" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. "డోర్నకల్ తెలుసా?" అన్నాను. "ట్రైన్ ఆగుతుంది కదా అంకుల్, అక్కడ దిగి చూడలేదెప్పుడూ" అన్నాడు. నెమ్మదిగా తొడుగు మళ్ళీ పెట్టుకున్నాడు.

అయినా నేను వారానికి రెండుసార్లు ఆ స్టేషనుకి వెళ్తాను. మావాడు ఆఫీసుకి పోతూ దింపుతాడు, కోడలు పన్నెండింటికి వచ్చి తీసుకెళ్తుంది. ఆష్‌బర్న్ ఆఖరి స్టేషను కాబట్టి, వచ్చిన బండి ఇక్కడినుంచే వెనక్కి పోవాలి. నడిపే మనిషి ఈ చివర దిగి, సంచి భుజాన వేసుకుని, ప్లాట్‌ఫారం పొడుగునా నడిచి, ఆ చివర పెట్టెలోకి ఎక్కుతారు. అది చూడటానికే వెళ్తాను. మనిషి పని అక్కడ ఒక్కచోటే కళ్ళకి కనపడుతుంది. తలుపులు మూసేముందు కిటికీలోంచి తల బయటకి పెట్టి బండి పొడుగునా ఒకసారి చూస్తారు. అది మా గార్డు చేసే పనే. అలా చూసినప్పుడు నేను ప్లాట్‌ఫారం చివర నిటారుగా నిలబడి, కుడిచెయ్యి భుజం ఎత్తుకి చాపి పట్టుకుంటాను. మా వాళ్ళకది ఆల్ రైట్ సంకేతం.

చాలా రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మొన్న మంగళవారం, ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, నెరిసిన జుట్టు. తల బయటపెట్టి నన్ను చూసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనూ చెయ్యి చాపింది, అచ్చం అలాగే. తలుపులు మూసుకున్నాయి, బండి కదిలింది. నేను వాచీ చూసుకున్నాను, ఎనిమిదీ పన్నెండు. రాయడానికి రిజిస్టరు లేదు. ఇంటికి రాగానే వంటింటి కాలెండరులో ఆ తేదీ గడిలో రాసిపెట్టాను.